టోపీకి చోటు

మా ఊళ్ళో ఎవర్ని అడిగినా చెబుతారు, ఈ నలభై ఏళ్ళలో ఆర్విడ్ తాతను నెత్తిన టోపీ లేకుండా చూసినవాళ్ళు లేరని. గోధుమ చేలో ఉన్నా, పశువుల దొడ్లో ఉన్నా, కేఫ్‌లో కాఫీ తాగుతున్నా ఆ టోపీ అక్కడే ఉంటుంది. పడుకునేటప్పుడైనా తీస్తాడో లేదోనని మా అమ్మకు అనుమానం. అటువంటి మనిషి టోపీకి చోటు లేకుండా చేసిన ఘనత నాది. అప్పుడు నాకు పదహారేళ్ళు. బుద్ధి మాత్రం ఆరేళ్ళదే అనేది అమ్మ. కాదనలేను.

నాన్న పెద్ద లారీలు నడిపేవాడు. నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. ఆ ఏడు మే నెలలో ఆయన కంపెనీ మూతపడింది. ఒక సంచీ, ఒక ఫ్లాస్కు పట్టుకుని ఇంటికొచ్చి పడ్డాడు. సెప్టెంబరులో వచ్చి చేరమని ఇంకో కంపెనీ రాసిన ఉత్తరం అప్పటికే ఫ్రిజ్ తలుపు మీద వేలాడుతోంది. అంటే నాన్న మాకు మూడు నెలల చుట్టం. ఆ చుట్టంతో ఏం మాట్లాడాలో నాకు తెలిసేది కాదు. "బడి ఎలా ఉంది?" అనేవాడు. "బానే ఉంది" అనేదాన్ని. ఇద్దరం ఆ పూటకి మాటల కోటా అయిపోయినట్టు ప్లేట్లలోకి చూసుకునేవాళ్ళం.

అమ్మకు పది రోజుల్లోనే ఓపిక చచ్చిపోయింది.

"గోడకి చెప్పినా కాస్త గొణుగుతుంది. మీ తండ్రీకూతుళ్ళకి ఏమొచ్చింది? డెల్, లే! ఆర్విడ్ దగ్గర తెచ్చిన గుంతలు తీసే మర ఇచ్చేసి రా. కెండ్రా, నువ్వూ వెళ్ళు. మాట్లాడుకునేదాకా ఇంటికి రావద్దు ఇద్దరూ."

వెళ్ళాం. పదకొండు మైళ్ళు, ఒక్క మాట లేదు. ఆర్విడ్ తాత ఇంటి వెనక గాలికి అడ్డంగా నాటిన చెట్ల వరస ఉంటుంది. అక్కడికి రాగానే నాన్న బ్రేకు తొక్కాడు. నా నుదురు దాదాపు అద్దానికి కొట్టుకుంది.

"ఏమైంది నాన్నా?"

నాన్న అప్పటికే తలుపు కూడా వెయ్యకుండా దిగి నడుచుకుంటూ పోతున్నాడు. వెనకే పరిగెత్తాను. చెట్ల మధ్య, నడుమెత్తు గడ్డిలో, ముక్కు మాత్రం బయటికి పెట్టి ఒక ముసలి ట్రక్కు నిలబడి ఉంది. దాని వెనక తొట్టిలోంచి ఒక చెట్టు మొలిచి, కొమ్మలు వేసి, దర్జాగా నిలబడింది. రంగు ఎప్పుడో పోయింది. ఒళ్ళంతా చిక్కటి కాఫీ రంగు తుప్పు. నాన్న దాని బానెట్ మీద గుర్రం మెడ నిమిరినట్టు చెయ్యి వేశాడు.

"నలభై ఆరులో చేసిన డాడ్జ్," అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ విన్నది కాదు. "అమ్మా కెండ్రా, దీన్ని రాట్ రాడ్ చేస్తే ఎలా ఉంటుందో తెలుసా?"

"అంటే?"

అడిగానా, ఇక చూడండి! చెప్పాడూ, చెప్పాడూ, చెప్పాడు. తుక్కులోంచి పుట్టే బండట అది. రంగు వెయ్యరట, తుప్పు గీకరట. దొరికిన ఇనుమల్లా అతికి, నేలను ముద్దుపెట్టుకునేంత కిందికి దించి, టాపు కోసి పొట్టిది చేసి, లోపల మాత్రం సింహంలాంటి ఇంజను పెడతారట. చేతులతో గాల్లో బొమ్మలు గీశాడు. గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని చక్రాలు ఎంత కిందికి దిగుతాయో చూపించాడు. పది నిమిషాలు ఆపకుండా మాట్లాడాడు మా నాన్న! పుట్టి బుద్ధెరిగాక ఆయన నాతో అన్ని మాటలు మాట్లాడ్డం అదే మొదలు. ఆ పది నిమిషాలు మళ్ళీ మళ్ళీ కావాలనిపించింది నాకు. దానికి ఆ ట్రక్కు కావాలి. అంతే లెక్క.

"ఏం డెల్, శవాన్ని చూట్టానికి వచ్చావా?" అంటూ ఆర్విడ్ తాత కర్ర ఊపుకుంటూ వచ్చాడు. ఎనభై నాలుగేళ్ళ మనిషి, తాటిచెట్టంత ఎత్తు, పైన టోపీ.

"అమ్ముతావా బాబాయ్?"

"అమ్మను. నీకన్నా ముందు యాభైమంది అడిగారు. అందరికీ అదే చెప్పా."

నాన్న తల ఊపి మర దించడానికి వెళ్ళిపోయాడు. మా నాన్నతో అదే చిక్కు, ఎవరైనా కాదంటే రెండోసారి అడగడు. నేను మా అమ్మ కూతుర్ని. కదల్లేదు.

"ఎందుకమ్మవు తాతా? పెళ్ళి చేస్తావా దానికి?"

తాత నన్ను ఎగాదిగా చూసి నవ్వాడు. ఆ తరువాత కథంతా చెప్పాడు. అరవై ఎనిమిదిలో ఆగస్టు తిరనాళ్ళ ఊరేగింపు. ఈ ట్రక్కును పూలదండలతో ముంచేసి తాతే నడుపుతున్నాడు. ఇనప సామాన్ల కొట్టు ఎదురుగా రాగానే క్లచ్ కడ్డీ ఊడిపోయింది. బండి అక్కడే చచ్చింది. వెనక ఊరేగింపంతా ఆగింది. తోద్దామని దిగితే గాలికి టోపీ ఎగిరిపోయింది. ఎగిరింది ఎగిరినట్టు ఊరుకోక ఎవరిదో గుర్రం కాలికింద పడి అప్పడమైంది. ఊరు ఊరంతా చూసింది. చివరికి బావమరిది రాస్కో తన గుర్రాలు కట్టి బండిని లాగించాడు.

"లాగిస్తే లాగించాడు," తాత కర్రతో నేల మీద పొడిచాడు. "ఆరోజు నుంచి నేను ఎక్కడ కనబడ్డా సరే వాడు టోపీ తీస్తాడు. శవం ముందు పెట్టుకున్నట్టు గుండెల మీద పెట్టుకుని, 'బావా, బండి బాగుందా?' అంటాడు. నలభై ఒక్క ఏళ్ళు! సంతలో అంటాడు, చర్చిలో అంటాడు. ఆసుపత్రిలో నాకు ఆపరేషనయ్యి కళ్ళు తెరిస్తే మంచం పక్కన నిలబడి అన్నాడమ్మా!"

నాకు నవ్వు ఆగలేదు. తాత నవ్వలేదు. కాసేపు ట్రక్కు వైపు చూసి, ఒక్కసారిగా నావైపు తిరిగాడు.

"నడిపిస్తారా దీన్ని మీరు? అయితే విను. ఈ ఆగస్టు ఊరేగింపులో నేను ఇందులో కూర్చోవాలి. ధాన్యం గోదాము దగ్గర మొదలుపెట్టి వంతెన దాకా ఎక్కడా ఆగకూడదు. టోపీ నా నెత్తిమీదే ఉండాలి. రాస్కోగాడు చూడాలి. ఇవన్నీ జరిగితే బండి మీది. పైసా వద్దు. ఇందులో ఏ ఒక్కటి తప్పినా, ఎక్కడ్నించి పీకారో అక్కడికే తెచ్చి పాతెయ్యండి."

అరచేతిలో ఉమ్మేసుకుని చెయ్యి చాపాడు. పాతకాలపు ఒప్పందం. నేనూ ఉమ్మేసుకుని కలిపాను. కాలు నేల మీద నిలవలేదు నాకు. పరిగెత్తుకెళ్ళి నాన్నకు చెప్పాను, ఊరేగింపు సంగతి, ఎక్కడా ఆగకూడదన్న సంగతి, రాస్కో సంగతి. టోపీ సంగతి చెప్పలేదు. దాచాలని కాదు. ముసలాళ్ళ మాటల్లో అదొక తాలింపు అనుకున్నాను.

* * *

బయటికి లాగడానికి రెండు రోజులు పట్టింది. తొట్టిలో చెట్టును నాన్న రంపంతో కోస్తుంటే దగ్గరికెళ్ళాను. "దూరంగా ఉండు" అన్నాడు. సీటు కింద కందిరీగలు లేస్తే "దూరంగా ఉండు" అన్నాడు. అదొక్క మాట అరిగిపోయిన రికార్డులా ఆ వేసవంతా విన్నాను. చక్రాలు ఇరుసుల దాకా భూమిలో దిగిపోయి ఉన్నాయి. తవ్వి తవ్వి అరచేతులు బొబ్బలెక్కాయి. లోపల ఎలుకలు మూడు తరాలుగా కాపురం చేసినట్టున్నాయి. గుర్రపు నాడాల మేకులు, సీసా మూతలు, ఒక అరిగిన ఉంగరం కూడా పోగేసి పెట్టుకున్నాయి.

లాగేటప్పుడు మాత్రం నాన్నకు నేను తప్ప దిక్కులేకపోయింది. ఆయన ట్రక్కు పక్కన నిలబడి చూడాలి, తాత ట్రాక్టరు ఎవరో ఒకరు నడపాలి.

"మెల్లగా. కుదపకు. నేను చెయ్యెత్తితే ఆపు."

గొలుసు బిగిసింది. ట్రాక్టరు గుర్రుమంది. ఒక్క కుదుపు, ఆ వెంటనే బండి తేలిగ్గా కదిలింది. వచ్చేస్తోంది! "వచ్చేస్తోంది నాన్నా!" అని కేకలు పెడుతూ, పాటలు పాడుతూ గట్టుదాకా నడిపాను. వెనక్కి తిరిగి చూస్తే గొలుసు చివర ముందు బంపరు ఒక్కటే ఉంది. ట్రక్కు ఎక్కడిదక్కడే ఉంది. నాన్న గడ్డిలో చతికిలబడి కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఆయన అంత నవ్వగలడని నాకు తెలియదు. బంపరు విరక్కపోతే తెలిసేదే కాదు.

రెండోసారి గొలుసు చాసిస్‌కి వేశాం. భూమి కసకసమంది, వేళ్ళు పటపట తెగాయి. ముసలిది మెల్లగా, మహా అయిష్టంగా ఎండలోకి వచ్చింది. తాత వరండాలోంచి చూస్తున్నాడని తెలుసు.

* * *

జూన్ అయిపోయింది, జులై వచ్చింది. పొద్దున్నే లేచి షెడ్డుకి పరిగెత్తడమే. నిద్రలో కూడా బోల్టులు విప్పుతున్నానని అమ్మ చెప్పేది. పాత ఇంజను ఎప్పుడో పట్టేసింది, గడ్డపారతో కొట్టినా కదల్లేదు. తుక్కులో పడి ఉన్న మా బడి బస్సుకి ఎనిమిది సిలిండర్ల ఇంజను ఉందని నాన్న కనిపెట్టాడు. ఇంజనుతో పాటు సీటూ పీక్కొచ్చాం. నేను మూడో తరగతిలో మేకుతో పేరు గీకి దెబ్బలు తిన్న సీటు అదే. పెట్రోలు ట్యాంకుకి బీరు పీపా పెట్టాం. గేరు కర్ర చివర మా అమ్మమ్మ ఇంటి తలుపు పిడి బిగించాం, తెల్ల పింగాణీది.

"ఆ పిడి లేకుండా ఆ తలుపు ఎలా తీసుకోవాలి మా అమ్మ?" అంది అమ్మ.

"కిటికీ ఉందిగా," అన్నాడు నాన్న.

"నా స్నానాల తొట్టిలో కార్బురేటర్ కడిగిందెవరు?"

నాన్న నన్ను చూపించాడు. నేను నాన్నను చూపించాను. అమ్మ ఇద్దర్నీ గరిటెతో తరిమింది. తరుముతూ నవ్వడం నేను చూశాను.

అన్నీ చేశాను నేను. నట్లు విప్పాను, గ్రీజు పూశాను, లైటు పట్టుకున్నాను, నాన్న చెయ్యి చాపకముందే కావలసిన పానా అందించడం నేర్చుకున్నాను. పనికిరాని ముక్కల మీద వెల్డింగ్ కూడా నేర్పాడు. కానీ ట్రక్కు మీద కోతా అతుకూ ఆయనవే. గ్రైండర్ అందుకున్నానంటే చాలు, "దూరంగా ఉండు." ఇనుము ఒకసారి కోశాక మళ్ళీ కలవదనేవాడు. నాకు ఉక్రోషంగా ఉండేది. అయినా నోరెత్తలేదు, ఎత్తితే ఆ షెడ్డు తలుపు మూసుకుపోతుందేమోనని భయం.

జులై రెండో వారంలో టాపు కోత. రాట్ రాడ్‌కి అదే అసలు పెళ్ళి. నాన్న టేపు పట్టుకుని కిటికీ కమ్మీల మీద సున్నపు గీతలు గీశాడు.

"ఎంత కోద్దాం? నాలుగా, అయిదా?"

"అయిదు!" అని అరిచాను. "అయిదంగుళాలు! అదిరిపోవాలి నాన్నా!"

నిప్పురవ్వలు గుమ్మం దాకా ఎగిరాయి. పైభాగాన్ని ఇద్దరం ఎత్తి, మధ్య ముక్కలు తీసేసి మళ్ళీ కూర్చోబెట్టాం. అబ్బ! కనుబొమలు ముడేసిన రౌడీలా తయారైంది మా ముసలిది. చుట్టూ తిరిగి గంతులు వేశాను. తీసిన ముక్కల్ని పారేస్తామా? వాటితోనే క్యాబిన్ అడుగున తుప్పు తిన్న చిల్లులు అతికాడు నాన్న. లోపల కూర్చుంటే ఆయన మెడ వంచుకోవాల్సి వచ్చింది. నాకు సరిగ్గా సరిపోయింది. అప్పుడైనా టోపీ గుర్తొచ్చిందా అంటారా? ఒట్టేసి చెబుతున్నా, రాలేదు.

జులై చివర, గోధుమ కోతలు సాగుతుండగా, మొదటిసారి సెల్ఫ్ కొట్టాం. మూడుసార్లు దగ్గింది. నాలుగోసారి సైలెన్సర్లలోంచి మూరెడు మంట వచ్చి, షెడ్డు రేకులు గడగడలాడి, ఎలుకల గూడు మిగిలిందంతా మా మొహాల మీదికి ఎగిరింది. "పట్టుకుంది! పట్టుకుంది!" అని నాన్న నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు, పదహారేళ్ళ గాడిదని. అమ్మ పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. మా కోళ్ళు రెండు రోజులు గుడ్లు పెట్టలేదు.

* * *

ఊరేగింపు ఇంకా ఆరు రోజులుందనగా ఆదివారం నాడు ఆర్విడ్ తాత వచ్చాడు. షెడ్డు వైపు చూడను కూడా చూడలేదు.

"పెళ్ళికూతుర్ని ముందే చూస్తే అరిష్టం," అంటూ చంకలో ఉన్న గుండ్రటి అట్టపెట్టె మా వంటింటి బల్ల మీద పెట్టాడు. మూత తీశాడు. లోపల కొత్త టోపీ. మీగడ రంగు, గోపురం ఎత్తే ఆరంగుళాలుంటుంది.

"మైల్స్ సిటీ వెళ్ళి తెచ్చా. ఎలా ఉంది డెల్? ఆరోజు పెట్టుకునేది ఇదే."

తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాను.

"టోపీ బాగుంది బాబాయ్," నాన్న నవ్వాడు. "అంత ఖర్చెందుకు, పాతది చాలుగా?"

"చాలుగా ఏంటయ్యా? షరతుల్లో సగం టోపీదేగా! బండి ఆగకూడదు, టోపీ దిగకూడదు. నీ కూతురు చేతిలో ఉమ్మేసుకుని మరీ మాటిచ్చింది. చెప్పలేదా నీకు?"

నాన్న నావైపు చూశాడు. ఒక్క క్షణమే. ఆ క్షణంలో నేను భూమిలోకి దిగిపోయాను.

"ఎందుకు చెప్పలేదు, చెప్పింది," అన్నాడు. "దాని ఏర్పాటు మేం చూసుకుంటాం బాబాయ్. కాఫీ తాగు."

తాత వెళ్ళాక నాన్న తిట్టలేదు. తిడితే బాగుండేది. టేపు తీసుకుని షెడ్డులోకి నడిచాడు. వెనకే వెళ్ళాను. సీటు నుంచి టాపు దాకా కొలిచాడు. మళ్ళీ కొలిచాడు.

"ఆయన కూర్చుంటే బుర్రే టాపుకి ఆనుతుంది. టోపీ ఎక్కడ పెట్టుకుంటాడు, ఒళ్ళోనా?"

"నేను వెళ్ళి తాతని అడుగుతా నాన్నా. ఒక్కసారికి టోపీ తీసెయ్యమంటా. బతిమాలుకుంటా."

"అడగవు. మాట ఇచ్చింది నువ్వు. తప్పింది నువ్వు. ఇప్పుడు తగ్గాల్సింది ఆయనా?"

"అయితే టాపు మళ్ళీ పైకి లేపుదాం."

"దేంతో లేపుతాం? కోసిన ముక్కల మీదే కదా నువ్వు నిలబడింది."

కిందికి చూశాను. నిజమే, నా బూట్ల కింద ఉన్నాయి అతుకులు. ఏడుపు తన్నుకొచ్చింది. ట్రక్కు పోతుంది, ట్రక్కుతో ఈ వేసవి పోతుంది, నాన్న మళ్ళీ ఫ్లాస్కు పట్టుకుని లారీ ఎక్కుతాడు, మళ్ళీ "బడి ఎలా ఉంది?" అంటాడు. ముక్కు ఎగబీలుస్తూ సీటు మీద కూలబడి టాపు వైపు చూస్తూ ఉండిపోయాను. ఎంతసేపు చూశానో! చూడగా చూడగా ఒకటి తట్టింది.

"నాన్నా, టోపీ తాత నెత్తిమీద ఉండాలన్నాడు. టాపు కింద ఉండాలని అన్లేదు."

నాన్న టేపు చుట్టడం ఆపాడు. నన్ను చూశాడు, టాపును చూశాడు. సుద్దముక్క తీసుకుని బండి ఎక్కి, తాత కూర్చునే వైపు టాపు మీద అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు పలకలా గీత గీశాడు. దిగి గ్రైండర్ అందుకున్నాడు. నేను అలవాటు కొద్దీ వెనక్కి జరిగాను. ఆయన గ్రైండర్ పిడిని నావైపు తిప్పాడు.

"నీ మాట. నువ్వే కొయ్యి."

కళ్ళద్దాలు పెట్టుకున్నాను. "దూరంగా ఉండు" అంటాడేమోనని ఒక క్షణం ఆగాను. అనలేదు. తనే రెండడుగులు వెనక్కి వేసి లైటు పట్టుకుని నిలబడ్డాడు.

మూలలు కొంచెం వంకరపోయాయి. అంచు చుట్టూ ఇనప చువ్వ నేనే అతికాను. కోడి గీరినట్టు వచ్చింది ఆ అతుకు. "నున్నగా చెయ్యనా నాన్నా?" అంటే "ఉండనీ" అన్నాడు. మెడకు గీసుకోకుండా రబ్బరు గొట్టం చీల్చి అంచుకు తొడిగాం. సీటు కింద రెండు పలకలు వేశాం. కోసి తీసిన రేకు ఇప్పుడు మా షెడ్డు మీద బోర్డు. దానిమీద నాన్న పేరూ నా పేరూ ఉంటాయి. రాట్ రాడ్‌లు చేయించుకోవడానికి పక్క రాష్ట్రాల నుంచి కూడా ట్రక్కులు తెచ్చి దానికింద ఆపుతారు. ఫ్రిజ్ మీది ఆ కంపెనీ ఉత్తరం ఏమైందో అమ్మనే అడగాలి. అయిస్‌క్రీం డబ్బాలో దాచానంటుంది, పొయ్యిలో వేశానంటుంది, రోజుకో మాట చెబుతుంది.

* * *

ఊరేగింపు రోజు గోదాము దగ్గర బండి మీద కప్పిన పట్టా తీశాం. తాత బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"తాతా, తప్పు నాది. టోపీ సంగతి నాన్నకి చెప్పలేదు. టాపు కోసేశాం. అందుకని మళ్ళీ ఇలా..." అంటూ చిల్లు చూపించాను.

ఆయన ఎక్కి పలకల మీద కూర్చున్నాడు. టోపీ, దాని వెనక తల, దాని వెనక మెడ, ఒక్కొక్కటే టాపులోంచి పైకి వెళ్ళిపోయాయి. లోపల నా పక్కన భుజాలు, మోకాళ్ళు, బూట్లు మిగిలాయి. పైనుంచి గొంతు వినిపించింది.

"లోపల కూర్చుని ఉంటే రాస్కోగాడికి సగమే కనబడేవాణ్ణి. పోనియ్యి!"

ఇంజను పట్టుకుంది. స్టీరింగ్ నా చేతిలో ఉంది, వెనక తొట్టిలో నాన్న నిలబడ్డాడు. మా ముందు బడి బ్యాండు, వెనక గుర్రాలు. రోడ్డుకి రెండు పక్కలా జనం నోళ్ళు తెరిచారు, ఆ తరువాత ఈలలు, కేకలు. నేల మీద పాకుతున్న తుప్పు బండి, దాని నడినెత్తిన మీగడ రంగు టోపీ! పిల్లలు పక్కనే పరిగెత్తారు. నా చెయ్యి పింగాణీ పిడి మీద చెమటకి జారుతోంది. ఆనందంతో అరవాలనుంది, అరిస్తే స్టీరింగ్ తప్పుతుందేమోనని భయం.

బ్యాంకు దాటాం. చర్చి దాటాం. ఇనప సామాన్ల కొట్టు కనిపించింది. మెట్ల మీద తెల్లచొక్కాలో రాస్కో. సరిగ్గా అప్పుడు, సరిగ్గా అక్కడ, ముందున్న బ్యాండు ఆగిపోయింది.

చచ్చాను దేవుడా! ఎవరి డోలు పట్టీ తెగిందో, ఎవరి బూటు ఊడిందో. పెద్ద బాకా వాయించేవాడి వీపుకీ మా బండి ముక్కుకీ మధ్య ఆరడుగులుంది. ఆగితే పోయింది. ఆగకపోతే ఆ పిల్లాడు పోయాడు.

"క్లచ్ మీద ఆడించు!" వెనక నుంచి నాన్న కేక. "అంగుళం, అంగుళం! నీ వల్లవుతుంది!"

క్లచ్ సగం వదిలాను. ఒక జానెడు పాకింది. నొక్కాను, వదిలాను. ఇంకో జానెడు. ఇంజను వేడి ముల్లు ఎరుపు వైపు ఎక్కుతోంది. నాలుగడుగులు. మూడు. కాలిన వాసన. ఇంజను ఒకసారి దగ్గింది, బండి అంతా వణికింది. పక్కకు చూశాను. తాత ఎడమ బూటు, క్లచ్ అన్నదే లేని చోట, నాతోపాటు నేలను నొక్కుతోంది. నొక్కి, వదిలి, నొక్కి. నలభై ఒక్క ఏళ్ళ కిందటి కాలు అది. రెండడుగులు.

ఆ మధ్యలో మెట్ల మీద రాస్కో టోపీ తీసి గుండెల మీద పెట్టుకున్నాడు.

"బావా," అన్నాడు, "బండి బాగుందా?"

జనమంతా గొల్లున నవ్వారు. టాపు పైనుంచి, ఊరంతా వినేటట్టు, తాత గొంతు మోగింది.

"బాగుందిరా! ఎక్కించుకునేవాణ్ణే, ఆపకూడదని పిల్ల షరతు పెట్టింది!"

నేను పెట్టానట! డోలు ఢామ్మంది. బ్యాండు కదిలింది. బాకా పిల్లాడి వీపు ముందుకి పోయింది, దాని వెనక మేం పోయాం. క్లచ్ పూర్తిగా వదిలి గాలి పీల్చుకున్నాను. వెనక తొట్టిలో మా నాన్న చిన్నపిల్లాడిలా గెంతుతుంటే బండి అంతా ఊగింది. వంతెన మీద చక్రాలు దడదడమన్నాయి. అవతలి గట్టున గడ్డిలోకి దింపి ఇంజను ఆపాను.

పైనుంచి తాత మెల్లగా లోపలికి దిగాడు. ముందు మెడ, తరువాత తల. టోపీ లేదు. చేతిలో పట్టుకుని ఉన్నాడు. కనుబొమల దాకా ఎండకు కాలిన ఎర్రటి మొహం, దానిపైన పాలలా తెల్లటి నుదురు, పసిపిల్లాడి నుదురు. అరవై ఎనిమిది తరువాత ఆ నుదురు ఊళ్ళో మొదట చూసింది బహుశా నేనే. ఆయన చొక్కా చేతితో చెమట తుడుచుకున్నాడు. టోపీని గేరు కర్ర పింగాణీ పిడికి తగిలించాడు.

"బండి మీదే," అన్నాడు. కాసేపు వంతెన వైపు చూశాడు. "ఇంజను చల్లారిందేమో చూడు. వెనక్కి తిప్పమ్మా. పాపం మా బావమరిది ఎండలో నిలబడ్డాడు."